అక్వేరియంలో అమ్మోనియా: డెల్టా నీళ్లకి ఏ మందు పనిచేస్తుంది, ఏది చేయదు

భీమవరం, ఆకివీడు, అమలాపురం లాంటి ఊళ్లలో, చేపలకి విషమయ్యే అమ్మోనియాకి మందు వెతుక్కోనక్కర్లేదు. చెరువుల కోసం తెచ్చిన జియోలైట్ (అమ్మోనియాని పట్టుకునే రాయి) బస్తాలు, ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) డబ్బాలు, యుక్కా మొక్క ద్రావణాలు ఏ ఆక్వా షాపులో అడిగినా ఇస్తారు. అక్వేరియం సామాన్ల కొట్టుకెళ్తే ఇంకో వరస సీసాలు కనిపిస్తాయి: క్లోరిన్ తీసేది, అమ్మోనియాని కట్టేసేది, బతికున్న బ్యాక్టీరియా ఉందని చెప్పేది. ఇంట్లో ఒక తొట్టి పెట్టుకుని పది చేపలు పెంచుకునేవాళ్లు వీటిలో ఏది కొనాలన్నది ఆ తొట్టిలో పోసే నీళ్లని బట్టి తేలాలి, సీసా మీద రాసినదాన్ని బట్టి కాదు. కాలువ నీళ్లలో బాగా పనిచేసిన జియోలైట్ ఉప్పు బోరు నీళ్లలో దండగ. కాలువ నీళ్ల తొట్టిలో ఏళ్ల తరబడి నిలబడిన ఫిల్టర్ ఆర్వో టిన్ను నీళ్లలో రెండు వారాలకే చతికిలబడుతుంది. అందుకని ముందు లెక్క, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మందు.

మేతతో మొదలయ్యే లెక్క

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి కొలతల ప్రకారం 127 లీటర్లు పడుతుంది. అడుగున గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నికరంగా నిలిచేవి 100 లీటర్లే. రెండడుగుల తొట్టిలో 45 లీటర్లు. మందు మోతాదు ఎప్పుడూ ఈ నికర నీళ్లకే కట్టాలి.

35 శాతం ప్రొటీన్ ఉన్న మేత 1 గ్రాము వేస్తే చేప మొప్పల నుంచీ, రెట్ట నుంచీ కలిపి సుమారు 32 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ నీళ్లలో చేరుతుంది. మేతలోని ప్రొటీన్ బరువుని 0.092తో గుణించే ఈ లెక్క ఆక్వాకల్చర్‌లో వాడేదే. 100 లీటర్ల తొట్టిలో అది రోజుకి 0.32 పీపీఎం (లీటరుకి అన్ని మిల్లీగ్రాములు). తినకుండా వదిలేసిన మేత కుళ్లితే అంతకంటే ఎక్కువే.

ఫిల్టర్‌లో కుదురుకున్న బ్యాక్టీరియా ఈ అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. రోజుకి 1 గ్రాము మేత తినే ఆ తొట్టిలో నైట్రేట్ రోజుకి 1.4 పీపీఎం, వారానికి దాదాపు 10 పీపీఎం పెరుగుతుంది. వారానికోసారి 30 శాతం నీళ్లు మారుస్తూ పోతే అది 33 దగ్గరికి వచ్చి అక్కడ నిలకడ పడుతుంది. ఇళ్లలో పెంచే చేపల్లో చాలావాటికి ఇది తట్టుకోగల అంకె. మేత 2 గ్రాములకి పెంచితే ఈ అంకెలన్నీ రెట్టింపవుతాయి. అమ్మోనియాకి అన్నిటికంటే చవకైన మందు మేత చెంచా అని మేము గట్టిగా చెప్పేది ఇందుకే: రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయాలి.

ఈ మార్పిడికి బ్యాక్టీరియా రెండు సరుకులు ఖర్చు పెడుతుంది. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్, 7.1 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే నీళ్ల శక్తి). ఆల్కలినిటీ మాట చెరువు రైతులకి కొత్త కాదు. అక్వేరియం పెట్టేవాళ్లు మాత్రం పట్టించుకోరు, తొట్టి తిరగబడేదీ అక్కడే. మన లెక్క తొట్టిలో వారానికి 16 పీపీఎం ఆల్కలినిటీ కరిగిపోతుంది.

ఇంకొక్క అంకె. నీళ్లు పరీక్షించే కిట్‌లో రంగు చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో విషమైన భాగం ఎంతన్నది పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే అంకె) చేతిలో ఉంటుంది. నీళ్లు 30 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7 అయితే విషభాగం 0.8 శాతం, 8 అయితే 7.5 శాతం, 8.5 అయితే 20 శాతం. కిట్ 2 పీపీఎం చూపించిన తొట్టిలో పీహెచ్ 6.5 ఉంటే విషం 0.005 పీపీఎం మాత్రమే. అదే 2 పీపీఎం, పీహెచ్ 8.2 అయితే 0.23. ఈ విషభాగం 0.05 దాటితే మొప్పలు పాడవడం మొదలవుతుంది. రోజుల తరబడి 0.02 లోపే ఉండాలి. పీహెచ్ తెలియకుండా అమ్మోనియా అంకె ఒక్కటే చూసి కంగారు పడటం, లేదా ధీమాగా ఉండటం, రెండూ పొరపాటే.

ఏ కిట్ కొనాలి

చుక్కల కిట్ కొనండి. ముంచి తీసే పేపర్ స్ట్రిప్‌లు చాలావాటిలో అమ్మోనియా గడి ఉండదు. ఉన్నా 0.25కీ 0.5కీ తేడా కంటికి ఆనదు. ఏపీఐ ద్రవ కిట్ అయితే 5 మిల్లీలీటర్ల నీళ్లలో మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండో సీసా నుంచి 8 చుక్కలు వేసి, మూత బిగించి కుదిపి, 5 నిమిషాలు ఆగి రంగు చూడాలి. ట్యూబ్‌లైటు వెలుగు రంగుని మోసం చేస్తుంది కాబట్టి గుమ్మం దగ్గర పగటి వెలుగులో చూడండి. తొట్టి నీళ్లు పరీక్షించేముందు మీరు పోసే కుళాయి నీళ్లనో, బోరు నీళ్లనో అదే కిట్‌తో చూడాలి. కొన్ని బోర్లలో నీళ్లే అమ్మోనియాతో వస్తాయి. అలాంటి నీళ్లతో ఎన్నిసార్లు మార్చినా అంకె దిగదు.

డెల్టాలో ఉన్న పెద్ద సదుపాయం ఆక్వా ల్యాబులు. చెరువు నీళ్ల శాంపిల్ చూసినట్టే మీ బోరు నీళ్లు కూడా చూస్తారు. ఏడాదికి రెండుసార్లు, కాలువలు పారేటప్పుడు ఒకసారి, కట్టేశాక ఒకసారి, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ (గట్టిదనం), ఉప్పుశాతం రాయించుకుంటే చాలు. శుభ్రమైన సీసాని అంచుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత పెట్టి, ఆ పూటే ఇవ్వాలి. ఈ మూడు అంకెలు చేతిలో ఉంటే కింద చెప్పేవాటిలో సగం వాటంతటవే తేలిపోతాయి.

నాలుగు రకాల నీళ్లు

కాలువ నుంచి చెరువుకి, చెరువు నుంచి ఫిల్టర్ బెడ్డుకి, అక్కడినుంచి కుళాయికి వచ్చే నీళ్లు అక్వేరియానికి అన్నిటికంటే అనుకూలం. ఉప్పదనం తక్కువ, ఆల్కలినిటీ ఉంటుంది. దీనిలో చిక్కు బ్లీచింగ్. కుళాయి దగ్గర కనీసం 0.2 పీపీఎం క్లోరిన్ మిగలాలన్నది తాగునీటి ప్రమాణం. ట్యాంకు కడిగిన రోజున వాసన తెలిసేంత ఎక్కువే వస్తుంది. చేప మొప్పలకీ, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకీ అది ఒకేలా హాని. బకెట్లో పట్టి ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు వదిలేస్తే క్లోరిన్ పోతుంది. ఆగే వీలు లేకపోతే హైపో (సోడియం థయోసల్ఫేట్). 10 గ్రాముల హైపో స్ఫటికాలు 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకోండి. 1 పీపీఎం క్లోరిన్ ఉన్న 20 లీటర్ల బకెట్‌కి అందులోంచి 1.5 మిల్లీలీటర్లు సరిపోతుంది. కొద్దిగా ఎక్కువైనా నష్టం లేదు. అయితే హైపో క్లోరిన్‌నే తీస్తుంది, అమ్మోనియాని తాకదు. కొట్టులో 'యాంటీ క్లోరిన్' పేరుతో అమ్మేదాన్ని అమ్మోనియా మందనుకుని పోసేవాళ్లు చాలామంది.

వరదల రోజుల్లో ధవళేశ్వరం దిగువన కాలువలన్నీ ఎర్రనీళ్లతో వస్తాయి. పటిక తిప్పడం ఇళ్లలో అలవాటే. తొట్టిలో మాత్రం పటిక వేయొద్దు. 1 మిల్లీగ్రాము పటిక అర మిల్లీగ్రాము ఆల్కలినిటీని తినేసి పీహెచ్‌ని కిందికి లాగుతుంది. విడిగా డ్రమ్ములో తిప్పి, రాత్రంతా తేర్చి, పైనీళ్లు మాత్రం వంచుకుని వాడండి. వేసవిలో కాలువలు కట్టేశాక ఊరి చెరువులో నిలవ నీళ్లు పచ్చబడతాయి. పాచి ఎక్కువున్న చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాకా వెళ్తుంది, తెల్లవారేసరికి దిగుతుంది. ఆ నెలల్లో నీళ్లు పొద్దున్నే పట్టుకోవడం మంచిది. పొలాల మురుగు డ్రెయిన్లలో నీళ్లు ఎంత తేటగా కనిపించినా పురుగుమందుల భయం ఉంటుంది, జోలికి పోవద్దు.

బోరు నీళ్ల సంగతి వేరు. నర్సాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఉప్పదనం, గట్టిదనం పెరుగుతాయి. పైపులోంచి వచ్చినప్పుడు ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. కాబట్టి అప్పుడు చూసిన పీహెచ్ నిజం కాదు. ఒక రోజు గాలి కొట్టించాక చూస్తే అర పాయింటో, ఒక పాయింటో పైకెళ్లి ఉంటుంది. ఇనుము ఉన్న బోరైతే ఆ రోజులోనే నీళ్లు తుప్పురంగు తిరిగి అడుగున మడ్డి దిగుతుంది, దాన్ని వదిలేసి పైనీళ్లే వాడాలి. ఈ నీళ్లలో ఆల్కలినిటీకి లోటుండదు, బ్యాక్టీరియా హాయిగా పనిచేస్తుంది. కానీ పీహెచ్ 8 పైన ఉంటుంది కాబట్టి అమ్మోనియా కాస్త కనిపించినా విషమే. ఇలాంటి నీళ్లున్నవాళ్లకి మా సలహా నీళ్లని మార్చడం కాదు, చేపని ఎంచుకోవడం. మోలీలు, గప్పీలు ఈ ఉప్పదనంలో బాగుంటాయి. టెట్రాలు, డిస్కస్ కోరి తెచ్చుకుంటే జీవితాంతం నీళ్లతో కుస్తీ పట్టాలి.

వాన నీళ్లు మెత్తనివి, ఆల్కలినిటీ దాదాపు లేనివి. ఉప్పు బోరు నీళ్లలో సగానికి సగం కలపడానికి బాగా పనికొస్తాయి. మొదటి వాన వదిలేసి పట్టుకోవాలి.

ఆర్వో టిన్ను: తేటగా ఉన్నంత మాత్రాన మంచివి కావు

20 లీటర్ల టిన్ను నీళ్లు మంచివని తొట్టినిండా పోసేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చేపలు అనుకోకుండా పోయే తొట్లలో ఇవి చాలా ఉంటాయి. ఆర్వోలో ఉప్పుతో పాటు ఆల్కలినిటీ కూడా పోతుంది. 20 పీపీఎం ఆల్కలినిటీ ఉన్న టిన్ను నీళ్లతో మన లెక్క తొట్టి నింపితే, వారానికి 16 కరుగుతుంటే, పది రోజుల్లోపే ఖాళీ. వారానికి 30 శాతం నీళ్లు మారిస్తే తిరిగొచ్చేది 6 మాత్రమే. ఆల్కలినిటీ అయిపోగానే పీహెచ్ 6కి, ఇంకా కిందికి జారుతుంది. ఆ పీహెచ్‌లో బ్యాక్టీరియా పని మందగించి ఆగిపోతుంది. అమ్మోనియా పేరుకుంటుంది. పీహెచ్ తక్కువ కాబట్టి అది విషం కాని రూపంలో ఉంటుంది, చేపలు పైకి బాగానే కనిపిస్తాయి, నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయి.

చేపలు చచ్చిపోయేది ఆ తర్వాత. ఎవరో చెప్పారని ఒకరోజు సగం నీళ్లు తీసేసి బోరు నీళ్లు పోస్తారు. పీహెచ్ 6 నుంచి ఒక్క గంటలో 8కి లేస్తుంది. అప్పటిదాకా నిద్రపోతున్న అమ్మోనియా అంతా ఒక్కసారి విషంగా మారుతుంది. తెల్లారేసరికి చేపలు తేలి ఉంటాయి, నేరం బోరు నీళ్ల మీదికి పోతుంది. పీహెచ్ 6.5 కిందికి జారిన పాత తొట్టి మీ దగ్గరుంటే ముందు అమ్మోనియా చూడండి. ఉంటే, అదే టిన్ను నీళ్లతో రోజుకి 20 శాతం చొప్పున నాలుగైదు రోజులు మార్చి అమ్మోనియాని దించండి. ఆ తర్వాతే ఆల్కలినిటీని నెమ్మదిగా పెంచాలి.

పెంచడానికి వంటింట్లో వంట సోడా చాలు. 100 లీటర్లకి 1 గ్రాము వేస్తే ఆల్కలినిటీ 6 పీపీఎం పెరుగుతుంది. మన లెక్క తొట్టికి వారానికి రెండున్నర నుంచి మూడు గ్రాములు, అంటే అర టీస్పూను. ఒక గ్లాసు నీళ్లలో కరిగించి ఫిల్టర్ పారే చోట పోయాలి. తొట్టిలో అమ్మోనియా ఉండగా మాత్రం సోడా వేయకూడదు, కారణం పైన చెప్పిందే. బేకింగ్ పౌడర్ వేరు, అది వద్దు. ఇవన్నీ తలనొప్పి అనిపిస్తే టిన్ను నీళ్లకి మూడో వంతు బోరు నీళ్లు కలపండి. ఖర్చూ తగ్గుతుంది, సోడా అక్కరా తగ్గుతుంది.

మందుల పోలిక

నీళ్లు మార్చడానికి పోటీ వచ్చే మందు లేదు. అమ్మోనియా లేని నీళ్లతో సగం మారిస్తే అమ్మోనియా కచ్చితంగా సగమవుతుంది. నైట్రైట్, నైట్రేట్ కూడా దానితోపాటే తగ్గుతాయి. ఏ సీసా ఆ మూడు పనులూ చేయదు. కొత్త నీళ్ల పీహెచ్, వేడి తొట్టితో సరిపోవాలన్నది ఒక్కటే షరతు.

సీకెమ్ ప్రైమ్ లాంటి కండిషనర్లు క్లోరిన్‌ని తీయడంలో నమ్మదగినవి. మోతాదు 200 లీటర్లకి 5 మిల్లీలీటర్లు, మన 100 లీటర్లకి 2.5. అమ్మోనియాని ఒకటి రెండు రోజులు విషం కాకుండా పట్టి ఉంచుతుందని తయారీదారు చెబుతారు. దాన్ని నీళ్లు మార్చడానికి తోడుగా వాడండి, బదులుగా కాదు. చుక్కల కిట్ కట్టేసిన అమ్మోనియాని కూడా లెక్కలో చూపిస్తుంది. మందు పోశాక అంకె దిగలేదని మళ్లీ మళ్లీ పోయడం పొరపాటు. ఈ సీసా ధర హైపోకి చాలా రెట్లు. రోజూ కుళాయి నీళ్ల క్లోరిన్‌కి హైపో, చేపల్ని ఊరి నుంచి ఊరికి తెచ్చేటప్పుడూ, అమ్మోనియా లేచిన రోజునా ప్రైమ్ అనుకుంటే డబ్బు సరిగ్గా ఖర్చయినట్టు.

జియోలైట్ రాయి. అమ్మోనియాని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది. దీన్ని బట్టే ఎక్కడ పనిచేస్తుందో తెలుస్తుంది. ఉప్పు తక్కువున్న కాలువ నీళ్లలో, ఆర్వో నీళ్లలో బాగుంటుంది. ఉప్పు బోరు నీళ్లలో సోడియం, కాల్షియమే దాని చోటు ఆక్రమిస్తాయి, అమ్మోనియాకి ఖాళీ ఉండదు. మంచి రాయి గ్రాముకి ఆచరణలో ఒకటి రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా పట్టుకుంటుందనుకుంటే, 200 గ్రాముల సంచీ మన తొట్టిలో ఒక వారం, పది రోజులు మోస్తుంది. చెరువులకి అమ్మే పొడి కొనొద్దు, తొట్టంతా తెల్లగా మురికవుతుంది. 3, 4 మిల్లీమీటర్ల గుళికలు అడిగి, కడిగి, నెట్ సంచీలో కట్టి, ఫిల్టర్ నీళ్లు దూసుకుపోయే చోట పెట్టాలి. అడుగున పరిస్తే ఫలితం నామమాత్రం. నిండిన రాయిని లీటరుకి 50 గ్రాముల కల్లుప్పు కలిపిన నీళ్లలో ఒక రోజు నానబెట్టి, బాగా కడిగి మళ్లీ వాడొచ్చు. జబ్బు చేసిన చేపకి తొట్టిలో ఉప్పు వేస్తున్నారా, ముందు జియోలైట్ సంచీ బయటికి తీయండి. లేకపోతే పట్టుకున్న అమ్మోనియా అంతా తిరిగి నీళ్లలోకే వదిలేస్తుంది.

దీనితో ఇంకో చిక్కు. కొత్త తొట్టిలో జియోలైట్ వేస్తే బ్యాక్టీరియాకి తిండి దొరకదు, ఫిల్టర్ కుదురుకోవడం ఆలస్యమవుతుంది. అందుకని ఇది పాత తొట్టిలో ఆపద సరుకు. బొగ్గు గురించి అడిగేవాళ్లకి ఒక్క మాట: యాక్టివేటెడ్ కార్బన్ రంగు, వాసన, మందు తీస్తుంది, అమ్మోనియాని తీయదు. పీహెచ్ దించుదామని నిమ్మరసం పిండడం ఇంకా పెద్ద తప్పు, ఆల్కలినిటీ పోయి పైన చెప్పిన కథే మొదలవుతుంది.

ఇక ప్రోబయోటిక్స్. రొయ్యల చెరువులకి వాడే పొడుల్లో ఎక్కువగా ఉండేది బాసిల్లస్ జాతి. అవి అడుగు మడ్డిని, మిగిలిన మేతని విరగ్గొడతాయి. అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా వేరు, దాని పేరు నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా. అందుకని చెరువులో మడ్డి తగ్గించే పొడి తొట్టిలో ఫిల్టర్‌ని కుదర్చదు. బెల్లం, తవుడు వేసి పులియబెట్టి చెరువులో చల్లడం రైతులకి అలవాటే, రాత్రంతా ఏరియేటర్లు తిరిగే చెరువులో దానికి అర్థముంది. 100 లీటర్ల తొట్టిలో గ్లాసు పులిసిన బెల్లం నీళ్లు పోస్తే గంటల్లో పాలనీళ్లయి, తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటి, చేపలు మూతులు పైకి పెట్టి గసపోస్తాయి. యుక్కా కూడా చెరువు మందే, ఇంటి తొట్టికి దండగ ఖర్చు.

నైట్రిఫయింగ్ బ్యాక్టీరియా అని కచ్చితంగా రాసిన సీసాలు వేరు, వాటిలో సరుకుంటే పనిచేస్తాయి. కానీ ఇవి బాసిల్లస్‌లా గింజ కట్టి నిద్రపోలేవు. మే నెలలో లారీలో, ఏసీ లేని కొట్టులో నెలల తరబడి ఉన్న సీసాలో ఎన్ని బతికుంటాయన్నది అనుమానమే. చల్లని చోట ఉంచినది, తయారీ తేదీ దగ్గరలో ఉన్నది అయితేనే కొనండి. దీనికంటే వంద రెట్లు నమ్మకమైనది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది: ఆరు నెలలుగా జబ్బు లేకుండా నడుస్తున్న తొట్టి నుంచి తెచ్చుకున్న ఫిల్టర్ స్పాంజి ముక్క. అదే తొట్టి నీళ్లలో తడిగా, గంటలోపు తెచ్చి మీ ఫిల్టర్‌లో ఇరికించాలి. కొట్టులో అమ్మకపు తొట్ల స్పాంజి మాత్రం వద్దు, దానితో తెల్లమచ్చల జబ్బు కూడా వస్తుంది.

మొక్కల్లో మనీ ప్లాంట్‌కి సాటి లేదు. వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేట్టు తొట్టి అంచున పెడితే నైట్రేట్‌ని లాగుతూ పెరుగుతుంది. కాలువలో గుర్రపు డెక్క తెచ్చి వేయడం కూడా అమ్మోనియాకి మంచిదే, కానీ ఇంట్లో వెలుతురు చాలక రెండు మూడు వారాల్లో కుళ్లిపోయి తీసుకున్నదంతా తిరిగి ఇస్తుంది. ఎండ తగిలే వరండా తొట్టికైతే సరే. కాలువ మొక్క ఏదైనా లేత గులాబీ రంగు పర్మాంగనేటు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, కడిగి వేయాలి.

ఫిల్టర్: కరెంటుని బట్టి ఎంపిక

పెద్ద నగరాల్లో కానిస్టర్ ఫిల్టర్ గొప్పదే. ఇక్కడ వేసవి గాలివానకి కరెంటు పోయి నాలుగైదు గంటలు రాకపోతే, మూత బిగించిన ఆ డబ్బాలో నిలిచిన నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది, బ్యాక్టీరియా చస్తుంది. కరెంటు రాగానే ఆ కుళ్లునీళ్లు నేరుగా తొట్టిలోకి దూకుతాయి. కానిస్టర్ ఉన్నవాళ్లు అలాంటప్పుడు డబ్బా తెరిచి, పాత నీళ్లు పారబోసి, లోపలి మీడియాని (బ్యాక్టీరియా పట్టి ఉండే స్పాంజి, రాళ్లని) తొట్టి నీళ్లతో ఒకసారి జాడించాకే స్విచ్ వేయాలి.

45 నుంచి 100 లీటర్ల తొట్టికి స్పాంజి ఫిల్టర్ ఎయిర్ పంపుతో పెట్టుకోమనే మేము చెబుతాం. పంపు 3 నుంచి 5 వాట్లు మాత్రమే తింటుంది, ఇంటి ఇన్వర్టర్ మీద రోజంతా నడుస్తుంది. నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 32 డిగ్రీల దగ్గర 7.3 మాత్రమే. వేడి పెరిగేకొద్దీ చేపకి కావలసిందేమో ఎక్కువ. మూడడుగుల తొట్టిలో రెండు స్పాంజిలు పెట్టి, ఒక పక్షం ఒకటి, మరో పక్షం ఇంకోటి, తీసిన తొట్టి నీళ్లలోనే పిండండి. కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా కడిగితే క్లోరిన్‌తో బ్యాక్టీరియా అంతా పోయి, మూడో రోజుకి అమ్మోనియా లేస్తుంది. గోల్డ్‌ఫిష్, ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ లాంటి తిండిపోతులకి స్పాంజి ఒక్కటే చాలదు, తోడుగా టాప్ ఫిల్టర్ కావాలి.

మీ పరిస్థితికి ఏది

తొట్టి కొత్తదైతే చేపలు తేకముందే ఫిల్టర్‌ని కుదర్చండి. ల్యాబు సరుకు అమ్మోనియం క్లోరైడ్ 100 లీటర్లకి 0.75 గ్రాములు వేస్తే 2 పీపీఎం అమ్మోనియా వస్తుంది. కళాయి పోసేవాళ్లు వాడే నవాసారం అదే రసాయనం, కానీ శుద్ధి నమ్మలేం. పాత స్పాంజి ముక్క తోడుంటే రెండు మూడు వారాలు, లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు. వేసిన 2 పీపీఎం 24 గంటల్లో మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే చేపలకి సిద్ధం. చేపలు ఇప్పటికే వేసేసి ఉంటే మేత రోజు మార్చి రోజు, అమ్మోనియా 0.5 దాటిన ప్రతిసారీ మూడో వంతు నీళ్లు మార్చడం. పీహెచ్ 8 పైన ఉన్న బోరు నీళ్ల తొట్టిలో 0.25కే మార్చాలి.

అమ్మోనియా తగ్గి నైట్రైట్ లేచే వారంలో చేపలు గసపోస్తుంటే, నైట్రైట్ రక్తంలో ఆక్సిజన్‌ని మోయనివ్వడం లేదని అర్థం. 10 లీటర్లకి 1 గ్రాము కల్లుప్పు వేస్తే నీళ్లలో 60 పీపీఎం క్లోరైడ్ చేరి నైట్రైట్‌ని మొప్పల్లోకి పోనివ్వదు. నైట్రైట్ నైట్రోజన్‌కి పది రెట్లు క్లోరైడ్ ఉంటే చాలు కాబట్టి ఈ మోతాదు సరిపోతుంది. ఉప్పు బోరు నీళ్లవాళ్లకి ఇది వేయాల్సిన పనే లేదు.

కుదురుగా నడుస్తున్న పాత తొట్టిలో ఉన్నట్టుండి అమ్మోనియా కనిపిస్తే మందు వెతక్కముందు కారణం వెతకండి. రాళ్ల వెనక చచ్చిన చేప, ఇంట్లో పిల్లలు వేసిన గుప్పెడు మేత, కుళాయి కింద కడిగిన స్పాంజి, అయిపోయిన ఆల్కలినిటీ: నూటికి తొంభై సార్లు ఈ నాలుగింటిలో ఒకటి. పీహెచ్ 7 పైన ఉంటే వెంటనే సగం నీళ్లు మార్చి, ప్రైమ్ పోసి, కాలువ నీళ్ల తొట్టి అయితే జియోలైట్ సంచీ కట్టండి. పీహెచ్ 6.5 కింద ఉంటే ఆ సగం మార్చడమే ప్రమాదం, 20 శాతం చొప్పున, అదే రకం నీళ్లతో.

తుపాను కబురు వచ్చినప్పుడు ముందురోజే మూడో వంతు నీళ్లు మార్చి, ఒక డ్రమ్ము నీళ్లు క్లోరిన్ తీసి పక్కన పెట్టుకోండి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి, సెల్స్‌తో సహా, ఇంట్లో ఉండాలి. కరెంటు పోయిన గంట నుంచీ మేత పూర్తిగా ఆపేయండి. పెద్ద చేపలు నాలుగైదు రోజులు తినకపోయినా వాటికేమీ కాదు. బ్యాటరీలు కూడా అయిపోతే గంటకోసారి చెంబుతో తొట్టి నీళ్లే ముంచి జానెడు ఎత్తు నుంచి పోస్తూ ఉంటే ఆ రాత్రి గడుస్తుంది.